చంపిందెవరు? – మన పాత అపరాధ పరిశోధన చిత్రాలు



ఇంటిపని ముగించుకుని నలుగురు ఆడవాళ్ళం ఒకచోట చేరితే మాటలు సినిమాల మీదికి పోక మానవు. ఏ బొమ్మలో సావిత్రి ఎంత ఏడిపించిందో, ఏ బొమ్మలో సూర్యకాంతం కోడల్ని ఎంత సాధించిందో చెప్పుకుంటాం. కాని హత్యలూ, దొంగలూ, గూఢచారులూ ఉన్న చిత్రాల ప్రసక్తి వచ్చేసరికి కొంచెం గొంతు తగ్గిస్తాం. "అవి మగపిల్లలు ఈలలు వేసుకుంటూ చూసే బొమ్మలు, మనకెందుకమ్మా" అనేస్తాం. ఆ మాట అన్నవాళ్ళే టీవీలో "అవే కళ్లు" వస్తూంటే పొయ్యి మీద పప్పు మాడినా లేవరు! ఈ ఆకర్షణ ఎక్కడిది, దాని వెనక చరిత్ర ఏమిటి, అందులో మనకు పనికొచ్చేదేమిటి అన్నది ఈవేళ మీతో ముచ్చటిద్దామని వచ్చాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాను. ఎందుకన్నది పోను పోను మీకే తెలుస్తుంది.

ముందు కోదాడ వైపు పోదాం. అక్కడి గుడిబండ గ్రామంలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారే మన "కత్తి" కాంతారావు. ఆయన రోజుల్లో తెలుగు తెరమీద సాహసమంటే గుర్రం, కత్తి, మాంత్రికుడు, గుహలో బందీ అయిన రాకుమారి. విఠలాచార్యగారి "గురువును మించిన శిష్యుడు" (1963), "జ్వాలాద్వీప రహస్యం" (1965) వంటి జానపదాలను జనం విరగబడి చూశారు. ఆ బొమ్మల్లో రహస్యం ఉంటుంది, కాని అనుమానం ఉండదు. మాంత్రికుణ్ణి చూడగానే మాంత్రికుడని తెలిసిపోతుంది. గడ్డం, బొట్టు, కపాలం – ఇంకేం కావాలి? చెడ్డవాడెవరో మొదటి రీలులోనే తెలిసిపోయిన కథ అది. వాడెప్పుడు చస్తాడన్నదే మన ఎదురుచూపు.

1960ల నడుమకు వచ్చేసరికి ఆ కత్తి స్థానంలోకి మెల్లగా పిస్తోలు వచ్చింది. అంతకుముందు మన తెరకు దొంగలు తెలియరని కాదు. 1955లో కె.వి. రెడ్డిగారి "దొంగరాముడు" ఉంది. 1963లో రామారావుగారి "లక్షాధికారి" ఉంది. అయితే 1966లో డూండీగారు నిర్మించగా, ఎం. మల్లికార్జునరావుగారి దర్శకత్వంలో కృష్ణ, జయలలిత నటించిన "గూఢచారి 116" వచ్చాక గాలి మారిపోయింది. ఇంగ్లీషులో జేమ్స్‌బాండ్ తొలి చిత్రం వచ్చింది 1962లో. నాలుగేళ్ళకల్లా మనకూ ఓ బాండు దొరికాడు. కృష్ణగారిని ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనడం అప్పుడే మొదలైంది. ఆ మరుసటేడు, 1967లో, ఏ.వి.ఎం. వారి "అవే కళ్లు" వచ్చింది. ఒక ఇంట్లో వరసగా చావులు. చంపేవాడి ముఖానికి ముసుగు, కనిపించేవి కళ్ళు మాత్రమే. ఇక హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళూ పరిశోధకులే!

ఈ మార్పును జాగ్రత్తగా గమనించండి. మాంత్రికుడికి గడ్డం ఉంది, గుర్తుపట్టాం. కొత్త దుర్మార్గుడికి సూటూ బూటూ ఉన్నాయి, పెద్దమనిషి అనే పేరుంది. నవ్వుతూ కాఫీ తాగుతాడు. అలాంటి పాత్రలు వేసినవారిలో ఒకరు మళ్ళీ మన సూర్యాపేట వైపువారే. తుంగతుర్తిలో 1935లో పుట్టి, వైద్యం చదివి, 1960లో "చివరకు మిగిలేది" చిత్రంతో తెరకెక్కిన డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డిగారు. కత్తి పట్టిన వీరుణ్ణీ, సూటు వేసిన ప్రతినాయకుణ్ణీ ఇద్దరినీ ఈ ప్రాంతమే తెలుగు తెరకిచ్చిందన్నమాట!

అయితే ఈ కథలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తెరకన్నా ముందు అవి పుస్తకాల్లో ఉన్నాయి. బెంగాలీలో పాంచ్‌కడీ దేవ్ రాసిన అపరాధ పరిశోధక నవలలు మన అమ్మమ్మల కాలంలోనే తెలుగులోకి వచ్చాయి. ఆ తరువాత కొమ్మూరి సాంబశివరావుగారు డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని అసిస్టెంట్ రాజునూ సృష్టించి రెండు తరాలవాళ్ళకు నిద్ర లేకుండా చేశారు. మహాపండితుడైన ఆరుద్రగారు కూడా "పలకల వెండిగ్లాసు" వంటి డిటెక్టివ్ నవలలు రాశారంటే ఈనాటివాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆ ఆరుద్రగారే 1971లో "మోసగాళ్ళకు మోసగాడు" చిత్రానికి రచన చేశారు. అద్దెకిచ్చే పుస్తకాల షాపుల్లో ఈ నవలలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. చివరి పేజీ చిరిగిపోయిన నవల చదివి "ఇంతకీ చంపిందెవరే" అని ఎదురింటి వదినను అడగడం ఎంతమందికి అనుభవమో! మగవాళ్ళు బయటికి పోయి బొమ్మ చూస్తే, ఆడవాళ్ళు బియ్యం డబ్బా వెనక దాచుకుని ఈ నవలలు చదివారు. అంచేత తెరమీదికి హత్య వచ్చేనాటికి మనవాళ్ళు ఆరితేరి ఉన్నారు.

ఇక ఈ బొమ్మలు మన ఊళ్ళకు ఎట్లా వచ్చేవో చెప్పుకోవాలి. సినిమా వ్యాపారంలో నల్లగొండ జిల్లా అంతా నైజాం ఏరియా కింద లెక్క. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగు పెడితే ఆంధ్రా ఏరియా. ఆ కాలంలో ప్రింట్లు తక్కువ. కొత్త చిత్రం ముందు హైదరాబాదు, విజయవాడ వంటి పెద్ద ఊళ్ళలో ఆడాలి. అక్కడ జోరు తగ్గాక ఆ రీళ్ళ డబ్బాలే చిన్న ఊళ్ళకు రావాలి. అంటే "గూఢచారి" మన ఊరికి వచ్చేసరికి పట్నం నుంచి వచ్చిన బంధువులు కథంతా చెప్పేసి ఉండేవాళ్ళు. మరి హత్య చేసిందెవరో ముందే తెలిసిపోతే ఇంకేం మజా? అందుకే మనవాళ్ళు ఒక మర్యాద పాటించారు. "కథ చెప్పు గానీ, చంపినోని పేరు చెప్పకక్కా" అనేవాళ్ళు. చెప్పేవాళ్ళు కూడా సరిగ్గా ఆ చోటికొచ్చి ఆపేవాళ్ళు. ఇది చిన్న విషయం కాదండీ. ఒక రహస్యాన్ని ఊరంతా కలిసి కాపాడటం!

ఇదే సమయంలో ఈ ప్రాంతం ముఖం కూడా మారుతోంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చేలు మాగాణులయ్యాయి. వడ్లు పండాయి, రైసుమిల్లులు లేచాయి. చేతిలో నాలుగు డబ్బులాడేసరికి వినోదం మీదికి మనసు పోతుంది. సూర్యాపేట సంగతి వేరు. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద, హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న మజిలీ ఊరు. పగలూ రాత్రీ లారీలు, బస్సులు. రోడ్డు మీది ఊరికి ముఖం తెలియని మనుషులు రోజూ వస్తారు. ముఖం తెలియని మనిషంటే ఎవరికైనా కొంత భయం, కొంత కుతూహలం. అపరాధ పరిశోధన చిత్రానికి కావలసిన ముడిసరుకు ఆ రెండే కదా!

కాని ఈ నేలకు భయమంటే ఏమిటో సినిమా నేర్పించలేదు. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట ప్రాంతం నడిమధ్యన ఉంది. రాత్రిపూట కుక్కలు మొరిగితే ఎవరొస్తున్నారోనని ఇల్లాళ్ళు దీపం ఆర్పి పిల్లల నోళ్ళు మూసి కూర్చున్న కాలం అది. మొదట రజాకార్లు, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత మరో రకం గాలింపులు. 1948లో పదిహేనేళ్ళ పిల్ల 1967 నాటికి ముప్పై నాలుగేళ్ళ ఇల్లాలు. తుపాకి చప్పుడు నిజంగా విన్న ఆ తరం స్త్రీ, పక్కన పిల్లలను కూర్చోబెట్టుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ తెరమీద తుపాకి చప్పుడు విన్నదంటే దానికో అర్థం ఉంది. ఈ భయానికి రెండున్నర గంటల హద్దు ఉంది. చివర్లో పోలీసులు వస్తారు, దీపాలు వెలుగుతాయి, అందరం ఇంటికి పోతాం. నిజమైన భయానికి ఆ హామీ లేదు. అపరాధ చిత్రాల ఆకర్షణలో మొదటి రహస్యం ఇదేనని నా అభిప్రాయం. భయాన్ని మచ్చిక చేసి చూపిస్తాయి.

రెండవ రహస్యం వాటి అల్లికలో ఉంది. సస్పెన్స్ చిత్రాలకు గురువనిపించుకున్న ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1941లో "సస్పిషన్" అనే చిత్రం తీశాడు. భర్త ఒక పాలగ్లాసు పట్టుకుని మెట్లెక్కి భార్య గదికి వస్తుంటాడు. అంతే దృశ్యం. ఆ గ్లాసు మీదనుంచి ప్రేక్షకుల చూపు కదలకుండా ఉండేందుకు పాలల్లో చిన్న దీపం పెట్టించాడట. కత్తి లేదు, నెత్తురు లేదు. కాని ఆ పాలల్లో ఏముందోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుంటాం. రోజూ మన చేతుల మీదుగా పోయే పాలగ్లాసేనండీ! ఇంటిలోని మామూలు వస్తువే భయపెట్టేదైతే ఆ భయం ముందుగా అందేది ఇల్లాలికే. మన పాత చిత్రాల్లోనూ అంతే. కిర్రుమన్న తలుపు, ఊగే కుర్చీ, అర్ధరాత్రి మోగిన టెలిఫోను. నలుపు తెలుపు బొమ్మల్లో నీడకు ఉన్న బలం రంగుల్లో సగమైపోయిందని నాకనిపిస్తుంది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వినే అలవాటు ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. కళ్ళకు ఏమీ కనబడకపోయినా, అడుగుల చప్పుడు ఒక్కటి చాలు ఒళ్ళు జలదరించడానికి.

పాటలు లేకుండా కూడా కథను నిలబెట్టవచ్చని 1954లోనే ఏ.వి.ఎం. వారు తమిళంలో "అంద నాళ్" తీసి చూపించారు. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ దాని దర్శకుడు. 1943లో మద్రాసు మీద జపాను బాంబులు పడిన రోజుల్లో ఒక రేడియో ఇంజనీరు హత్య జరుగుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. అతని భార్యగా పండరీబాయి నటించింది. చంపిందెవరో నేను చెప్పను, చూడనివాళ్ళు ఉంటారు! కాని భార్య అంటే ఏడ్చే బొమ్మ కాదనీ, ఆమెకూ తనదైన ఒక న్యాయం ఉంటుందనీ ఆ చిత్రం చెప్పింది.

మూడవది మన ఇళ్ళకు బాగా దగ్గరి సంగతి. పాత అపరాధ చిత్రాల్లో హత్య ఎందుకు జరుగుతుంది? పదింట ఎనిమిదింట ఆస్తి కోసం. తండ్రి చనిపోయిన అమ్మాయి, ఆమె పేర ఉన్న బంగళా, మంచి మాటలాడే మేనమామో, దివానో, కుటుంబ స్నేహితుడో. మనం హాల్లో కూర్చుని "వాణ్ణి నమ్మకే పిచ్చిదానా" అని అరుస్తాం. అయితే ఆ రోజుల్లో హాల్లో కూర్చున్న మనలో ఎంతమందికి ఆస్తి ఉంది? 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత ఆస్తిలో కూతురికి వాటా అన్నది గాని, పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు కొడుకులకే ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హక్కు కూతుళ్ళకు వచ్చింది 1986 సవరణతో, అదీ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు. దేశమంతటికీ 2005లో వచ్చింది. అంటే, ఆడదాని పేర ఆస్తి ఉంటే ఆమె చుట్టూ ఎన్ని కుట్రలు జరుగుతాయో తెర ముందు చూపించింది, హక్కు తరువాత వచ్చింది. సంతకం పెట్టమని కాగితం ముందు పెట్టినప్పుడు చదవకుండా పెట్టకూడదన్న పాఠం ఆ బొమ్మలు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు. ఈనాటికీ అన్నదమ్ములు "ఊరికే ఒక సంతకం చెల్లీ" అంటే కళ్ళు మూసుకుని పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు. "అవే కళ్లు" చూసి ఏం నేర్చుకున్నట్టు?

ఇక తప్పులు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఇది పొగడ్త అయిపోతుంది. ఈ చిత్రాల్లో కథానాయికకు పని తక్కువ. ఎత్తుకుపోతే ఎత్తుకుపోబడటం, కుర్చీకి కట్టేస్తే కేకలు వేయడం. దొంగల డెన్నులో ఆడే నర్తకి పరిస్థితి మరీ అన్యాయం. కథానాయకుడికి దారి చూపించేది ఆమె, చివరికి తూటా తగిలేది ఆమెకు. జ్యోతిలక్ష్మి, విజయలలిత, హలం వంటివారు ఎంత కష్టపడి ఆ నృత్యాలు చేశారో! వాళ్ళ పేరు చెబితే మాత్రం పెద్దమనుషులు ముఖం చిట్లించేవారు, చూడటం మానకుండానే! హిందీలో 1956 నాటి "సి.ఐ.డి." చిత్రంలో ముఠా మనిషిగా వచ్చి నాయకుడికి సాయపడే పాత్ర వేసింది వహీదా రెహమాన్. అంతకు ఏడాది ముందే మన "రోజులు మారాయి"లో నృత్యం చేసి తెలుగువాళ్ళ మనసు దోచుకున్న అమ్మాయే. ఆ పాత్రలో ఒక మనిషి కనిపిస్తుంది. మన నర్తకి పాత్రల్లో అది చాలా అరుదు.

1970లో కె.ఎస్.ఆర్. దాస్‌గారు విజయలలితతో "రౌడీరాణి" తీశారు. తన వాళ్ళను చంపినవాళ్ళ మీద పగ తీర్చుకునేందుకు ఆడది గుర్రమెక్కి తుపాకి పట్టింది. ఇదేం విడ్డూరమన్నారు కొందరు. సూర్యాపేట ప్రాంతంవాళ్ళకు అది విడ్డూరం ఎట్లా అవుతుంది? తుంగతుర్తి పక్క కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యంగారు ఇరవై ఏళ్ళు నిండకుండానే సాయుధ దళంలో నాయకురాలు. ఆమె తలమీద ఆనాటి ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. తరువాత తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్ళారు. 2022 మార్చిలో కన్నుమూశారు. తెరమీది రాణి తన ఇంటివాళ్ళ కోసం తుపాకి పట్టింది. ఈమె పట్టింది ఊళ్ళ కోసం. ఆమె తన జీవితకథకు పెట్టుకున్న పేరు "నా మాటే తుపాకీ తూటా". అందులో తుపాకికన్నా ముందున్నది మాట. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, చివరికి దానితో పనుంది.

ఆ పని ఏమిటంటే, నేను చెప్పదలచిన నాలుగవ ఆకర్షణ – సాక్ష్యం. 1967లోనే బాపుగారి తొలి చిత్రం "సాక్షి" వచ్చింది. కథ ముళ్ళపూడి వెంకటరమణగారిది. గోదావరి ఒడ్డున ఒక పల్లె. ఒక పడవవాడు హత్యను కళ్ళారా చూసి కోర్టులో ఉన్నదున్నట్టు చెబుతాడు. హంతకుడు జైలుకు పోతాడు, తప్పించుకుని వీణ్ణి చంపుతానని వస్తాడు. అప్పటిదాకా భుజం తట్టిన ఊరు తలుపులు వేసుకుంటుంది. పడవవాడి పక్కన నిలబడేది ఎవరో తెలుసా? ఆ హంతకుడి సొంత చెల్లెలు. ఆ పాత్ర విజయనిర్మలగారు వేశారు. అన్న అని చూడక న్యాయం వైపు నిలబడిన ఆడపిల్ల. ఇందులో చంపిందెవరన్న ప్రశ్నే లేదు, అది అందరికీ తెలుసు. చెప్పేదెవరన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇంకా పాతబడలేదు. సాక్షులు భయపడి మాట మార్చేస్తే కేసులు ఎట్లా వీగిపోతాయో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. సాక్షుల రక్షణకు దేశమంతటికీ ఒక పథకం కావాలని సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది 2018 డిసెంబరులో. "సాక్షి" వచ్చిన యాభై ఒక్క సంవత్సరాలకు! ఇక మన ఇళ్ళ సంగతి చెప్పాలా? భార్యను హింసించడం నేరమని 498ఎ సెక్షను 1983లో వచ్చింది, వరకట్న మరణానికి 304బి సెక్షను 1986లో వచ్చింది. 2024 జూలై నుంచి అవి భారతీయ న్యాయ సంహితలోకి మారాయి. చట్టం ఉంది. కాని పక్కింట్లో దెబ్బల చప్పుడు విన్నవాళ్ళు విన్నామని చెబితేనే గదా చట్టం కదిలేది? సినిమాలో ముసుగు వేసుకున్నవాడి కోసం వెతుకుతాం. బతుకులో చాలాసార్లు ముసుగు ఉండదు. అందరికీ తెలిసిన మనిషే, అందరూ నోరు మూసుకుంటారు.

ఆ తరువాతి చిత్రాల్లో ఆడపిల్ల కొంచెం ముందుకొచ్చిందని ఒప్పుకోవాలి. 1985లో వంశీగారి "అన్వేషణ"లో భానుప్రియ పక్షుల కూతల మీద పరిశోధన చేయడానికి అడవికి వస్తుంది. 1991లో రామ్‌గోపాల్‌వర్మగారి "క్షణ క్షణం"లో శ్రీదేవి మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి. భయపడుతూనే పరిగెడుతుంది, భయపడుతూనే బతికి బయటపడుతుంది. 1986లో జంధ్యాలగారు "చంటబ్బాయ్" తీసి డిటెక్టివ్‌ను చూసి నవ్వుకోవడం కూడా నేర్పించారు. ఏ కళకైనా పక్వానికి వచ్చినప్పుడే తనను చూసి తాను నవ్వుకునే శక్తి వస్తుంది.

ఇప్పుడు రీళ్ళ డబ్బాల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఈ పాత చిత్రాలు చాలావరకు చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నాయి. కొత్తవాటిలో నెత్తురు ఎక్కువ, ఆలోచన తక్కువ అని పెద్దవాళ్ళు అంటారు. అన్నీ అట్లా ఉండవు గాని, పాతవాటిలో ఒక ఓపిక ఉందన్న మాట నిజం. ప్రేక్షకురాలికి బుద్ధి ఉందని నమ్మి తీసిన ఓపిక అది. మీ అమ్మాయిలతో కలిసి ఓ ఆదివారం అలాంటి బొమ్మ చూడండి. నడిమధ్యన ఆపి "నువ్వైతే ఎవరిని అనుమానిస్తావు, ఎందుకు?" అని అడగండి. "నువ్వు చూసి ఉంటే వెళ్ళి చెబుతావా?" అని కూడా అడగండి. మొదటి ప్రశ్నకు తెలివి చాలు. రెండోదానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇంట్లో అమ్మను చూసే పిల్లలకు వస్తుంది.